లోహం మీద తేనెపట్టు: ఆనోడైజింగ్ గురించి ఒక పాఠం



ఉపకార వేతనాల దరఖాస్తులు పరిశీలించేటప్పుడు “ముందు ఏమి చదవదలచారు?” అనే గడిని నేను ప్రత్యేకంగా చూస్తాను. పీయూసీ సైన్సు పిల్లల్లో ఎక్కువమంది కంప్యూటర్ సైన్సు అని రాస్తారు. అది వాళ్ల ఇష్టం. కానీ రసాయనశాస్త్రంలో తొంభైకి పైగా మార్కులు తెచ్చుకున్నవాళ్లు సైతం పరీక్ష అయిన మర్నాడే ఆ పుస్తకాన్ని పాత పేపర్లవాడికి వేసేస్తున్నారు. “కెమిస్ట్రీ చదివితే టీచరు ఉద్యోగం తప్ప ఏముంది సార్?” అని తండ్రులు అడుగుతున్నారు. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. అప్పటినుంచి పొద్దున్నే మారికుప్పం రైలెక్కి బెంగళూరుకు పోయి, రాత్రికి ఇల్లు చేరే మనిషి అడిగే ప్రశ్న అది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అందుచేత ఈ సంచికలో ఊరికే సలహాలు చెప్పకుండా, ఒకే ఒక్క విషయాన్ని తీసుకొని పాఠంగా చెబుతాను. పీయూసీలో చదివిన విద్యుద్విశ్లేషణ గుర్తుంటే చాలు. తల్లిదండ్రులు లెక్కలు వచ్చినచోట దాటేసి చదువుకోవచ్చు.

మొదట వంటింట్లోకి వెళదాం. మన జిల్లాలో బోరు నీళ్లు గట్టి నీళ్లు. అల్యూమినియం కుక్కరు అడుగున ఆ నీళ్లు పోసి లోపల గిన్నెలు పెట్టి వండితే, కొద్ది రోజులకే కుక్కరు లోపలంతా నల్లబడుతుంది. దీనికి మన ఇళ్లలో అమ్మలు, అమ్మమ్మలు మందు ఎప్పుడో కనిపెట్టారు. ఆ నీళ్లలో చిటికెడు చింతపండో, పిండేసిన నిమ్మతొక్కో వేస్తారు. కుక్కరు తెల్లగా ఉంటుంది. ఎందుకు?

అల్యూమినియానికి గాలి తగిలిన మరుక్షణమే దాని ఒంటిమీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాని మందం రెండు నుంచి ఐదు నానోమీటర్లు మాత్రమే. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. క్షారగుణం ఉన్న బోరు నీళ్లు మరిగినప్పుడు ఈ పొర నీటిని తనలో కలుపుకొని మందంగా పెరుగుతుంది, నీటిలోని లవణాలు కూడా దానిలో చేరతాయి. ఆ మందపు పొరే మనకు నల్లగా కనిపిస్తుంది. చింతపండులోని ఆమ్లం ఆ పొరను ఎప్పటికప్పుడు కరిగించేస్తుంది. అంటే ఒక పక్క పొర పెరగడం, ఇంకో పక్క ఆమ్లం దాన్ని కరిగించడం. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. ఈ పాఠమంతా ఆ రెంటి మధ్య పోటీయే.

కె.జి.ఎఫ్. పిల్లలకు లోహాల స్వభావం చెప్పడానికి వేరే ప్రయోగశాల అక్కరలేదు. బంగారం గాలితో కలవదు. అందుకే కోట్లాది సంవత్సరాలు రాతిలో లోహంగానే ఉండిపోయింది. దాన్ని రాతిపొడి నుంచి కరిగించి తీయడానికి మిల్లుల్లో సైనైడ్ నీళ్లు, వాటికి తోడు గాలిలోని ఆక్సిజన్ కావలసివచ్చాయి. ఇక గని షాఫ్టుల మీద నిలబడిన ఉక్కు గోపురాలను చూడండి. ఇనుముకు తుప్పు పడుతుంది, ఆ తుప్పు పొరలు పొరలుగా రాలిపోతుంది, కింద ఉన్న ఇనుముకు మళ్లీ తుప్పు పడుతుంది. అల్యూమినియానికి ఇనుముకంటే ఆక్సిజన్ మీద మక్కువ ఎక్కువ. న్యాయంగా అది ఇంకా తొందరగా పాడైపోవాలి. కానీ దాని ఆక్సైడ్ రాలిపోదు. లోహాన్ని గట్టిగా పట్టుకొని, ఇక గాలిని లోపలికి రానివ్వదు. ఈ సహజమైన పొరను కరెంటు సాయంతో కొన్ని వేల రెట్లు మందం చేసే పద్ధతి పేరే ఆనోడైజింగ్.

పద్ధతి వినడానికి సులభం. నీళ్లలో గంధకామ్లం, అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం, లీటరుకు 165 నుంచి 200 గ్రాముల వరకు కలుపుతారు. శుభ్రం చేసిన అల్యూమినియం వస్తువును ధనధ్రువానికి, అంటే ఆనోడుకు తగిలిస్తారు. పేరు అక్కడినుంచే వచ్చింది. రుణధ్రువానికి సీసపు పలకనో, అల్యూమినియం పలకనో పెడతారు. డీసీ కరెంటు 15 నుంచి 20 వోల్టుల వరకు ఇస్తారు. మన ఊరికి 1902లోనే శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగ మీద కరెంటు వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాం కదా, అది ఏసీ. ఈ పనికి దాన్ని రెక్టిఫయరుతో డీసీగా మార్చుకోవాలి. రుణధ్రువం దగ్గర హైడ్రోజన్ బుడగలు లేస్తాయి. ధనధ్రువం దగ్గర కంటికి ఏమీ కనిపించదు. అసలు పని జరిగేది అక్కడే.

గనక బోరిక్ ఆమ్లపు లవణాల వంటి, ఆక్సైడును కరిగించని ద్రావణం వాడితే నున్నటి, చిల్లులేని పొర వస్తుంది. అది వోల్టుకు సుమారు 1.3 నానోమీటర్ల మందం వరకు పెరిగి ఆగిపోతుంది. ఎందుకంటే అల్యూమినియం ఆక్సైడ్ కరెంటును పోనివ్వదు. మీ ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు దగ్గర్నుంచి టీవీ దాకా ఉండే కెపాసిటర్లలో ఎలక్ట్రోలైటిక్ రకం వాటికి ఈ నున్నటి పొరే ఆధారం.

గంధకామ్లంలో అలా ఆగదు. మొదటి కొద్ది సెకన్లలో నున్నటి పొరే వస్తుంది. తర్వాత ఆ పొర మీద ఎక్కడెక్కడ చిన్న గుంట ఉందో అక్కడ పొర పలచగా ఉంటుంది, విద్యుత్ క్షేత్రం బలంగా పడుతుంది. ఆ క్షేత్రం ఎంత బలమైనదంటే, ఒక్క నానోమీటరు మందానికి దాదాపు ఒక వోల్టు. మీటరు లెక్కన చెప్పాలంటే నూరు కోట్ల వోల్టులు! అంతటి ఒత్తిడికి ఆక్సైడు లోపలి అల్యూమినియం అయాన్లు బయటికి, ఆక్సిజన్ అయాన్లు లోపలికి నడుస్తాయి. గుంట అడుగున ఒక పక్క కొత్త ఆక్సైడు లోహంలోకి పెరుగుతూ ఉంటుంది, పైపక్క పాతది పోతూ ఉంటుంది. రెండూ సమానమైనప్పుడు అడుగున ఉన్న అడ్డుపొర మందం మారదు, గుంట మాత్రం లోపలికి దిగుతూ పోతుంది. గుంట గొట్టమవుతుంది. చుట్టూ ఇలాంటి గొట్టాలే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకొని, తేనెపట్టులో గదుల్లా ఆరుమూలల అమరికలోకి సర్దుకుంటాయి. 1953లో అమెరికాలో కెల్లర్, హంటర్, రాబిన్సన్ అనే ముగ్గురు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి ఈ ఆరుమూలల గదుల నిర్మాణాన్ని వివరించారు.

గొట్టం అడుగున పాత ఆక్సైడు “పోతుంది” అన్నాను. ఎక్కడికి పోతుంది? ఆమ్లంలో కరిగిపోతుంది అని చాలాకాలం అన్ని పుస్తకాలూ చెప్పాయి. 2006లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలోని స్కెల్డన్, థాంప్సన్, వాళ్లతో కలిసి పనిచేసిన గార్సియా-వెర్గారా, జపానుకు చెందిన హబజాకి ఒక చక్కటి ఉపాయం చేశారు. అల్యూమినియం లోపల ఒకచోట టంగ్‌స్టన్ కలిసిన పలుచని పొరను గుర్తుగా పెట్టారు. ఆనోడైజింగ్ ఆ గుర్తు దాకా చేరాక టంగ్‌స్టన్ ఎక్కడుందో చూశారు. ఆక్సైడు కరిగిపోతున్న మాట నిజమైతే గొట్టాల అడుగున ఉన్న టంగ్‌స్టన్ ఆమ్లంలోకి పోవాలి. అది పోలేదు. పక్క గోడల్లోకి చేరింది. అంటే ఆ బలమైన విద్యుత్ క్షేత్రం కింద ఆక్సైడు మెత్తని ముద్దలా ప్రవహించి, గొట్టం అడుగునుంచి గోడల్లోకి పైకి నెట్టబడుతోంది. రాగి సంగటి ముద్ద మధ్యలో పులుసు కోసం బొటనవేలితో గుంట చేస్తే చుట్టూ అంచులు పైకి లేస్తాయే, అలాగన్నమాట. అన్ని ద్రావణాల్లోనూ, అన్ని లోహాల మీదా ఇది ఒకే పాళ్లలో జరుగుతుందని చెప్పలేం. కరగడం, ప్రవహించడం ఏది ఎంత అనే చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. నూరేళ్లు పైబడిన పరిశ్రమలో కూడా మూలమైన ప్రశ్న ఒకటి మిగిలి ఉందని పిల్లలు గమనించాలి.

ఈ గొట్టాల మీద మనకు అదుపు ఎంత? చాలా ఉంది. రెండు పక్కపక్క గొట్టాల మధ్య దూరం వోల్టుకు సుమారు 2.5 నానోమీటర్లు. గంధకామ్లంలో 25 వోల్టుల దగ్గర సుమారు 63, ఆక్సాలిక్ ఆమ్లంలో 40 వోల్టుల దగ్గర 100, ఫాస్ఫారిక్ ఆమ్లంలో 195 వోల్టుల దగ్గర 500 నానోమీటర్ల దూరంలో అవి చక్కగా వరుస కడతాయి. రెగ్యులేటరు తిప్పి, కంటికి కనబడని గొట్టాల మధ్య దూరం మార్చడం అంటే మాటలు కాదు. గొట్టాల మధ్య 100 నానోమీటర్లు ఉంటే ఒక చదరపు సెంటీమీటరులో సుమారు 1,150 కోట్ల గొట్టాలు ఉంటాయి. మీ బొటనవేలి గోరంత చోటులో, భూమి మీద ఉన్న మనుషులకంటే ఎక్కువ!

ఇప్పుడు ఒక లెక్క. 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అల్యూమినియం రేకుకు ఒక పక్క మాత్రమే ఆనోడైజింగ్ చేస్తున్నామనుకోండి. కరెంటు 1.5 ఆంపియర్లు, కాలం 30 నిమిషాలు. విద్యుత్తు పరిమాణం 1.5 × 1800 = 2700 కూలుంబులు. ఫారడే నియమం ప్రకారం 27 గ్రాముల అల్యూమినియం అయాన్లుగా మారడానికి 3 × 96,500 కూలుంబులు కావాలి. కాబట్టి మనం వాడిన అల్యూమినియం 0.25 గ్రాము. సాంద్రత 2.7తో భాగించి, 100 చదరపు సెంటీమీటర్ల మీద పరిస్తే సుమారు 9.3 మైక్రాన్ల లోహం ఖర్చయింది. మైక్రాను అంటే వెయ్యి నానోమీటర్లు. ఇదే షరతుల్లో వర్క్‌షాపుల అనుభవ సూత్రం ప్రకారం వచ్చే ఆక్సైడు పొర సుమారు 13 మైక్రాన్లు. అంటే పొరలో మూడింట రెండు వంతులు పాత లోహం ఉన్న చోటులోనే, ఒక వంతు పైకి. రంగు పూత లాగా పైన అతికించినది కాదు కాబట్టే ఇది పెచ్చులూడదు. లేత్ మీద పనిచేసేవారు ఈ పైకి పెరిగే వంతును ముందే లెక్కలో పెట్టుకోవాలి. లేకపోతే బిగుతుగా కూర్చోవలసిన భాగం అసలు కూర్చోనే కూర్చోదు.

చల్లదనం సంగతి కూడా చెప్పాలి. కరెంటు పారినకొద్దీ తొట్టె వేడెక్కుతుంది. 20 డిగ్రీల దగ్గర ఉంచవలసిన ద్రావణం ఎండాకాలంలో 30 దాటితే ఆమ్లం గోడలను కూడా తినేస్తుంది, పొర మెత్తబడి వేలితో రుద్దితే పొడి రాలుతుంది. అదే సున్నా డిగ్రీల దాకా చల్లబరిచి, కరెంటు పెంచితే 50 మైక్రాన్లు, ఆపైన మందంతో రాయిలాంటి పొర వస్తుంది. బజారులో హార్డ్ ఆనోడైజ్డ్ అని అమ్మే నల్లని పెనాలు, కుక్కర్లు ఆ కోవలోవే. వాటిలో పులుసు పెట్టినా మామూలు అల్యూమినియంలా ఆమ్లానికి లొంగవు.

తొట్టెలోంచి తీసిన వెంటనే గొట్టాలన్నీ నోళ్లు తెరుచుకొని ఉంటాయి. రంగు నీళ్లలో ముంచితే రంగు గొట్టాల్లోకి దిగుతుంది. తర్వాత మరిగే నీళ్లలో ఉంచితే ఆక్సైడు నీటిని కలుపుకొని ఉబ్బుతుంది, గొట్టాల నోళ్లు మూసుకుపోతాయి, రంగు లోపలే ఉండిపోతుంది. దీన్ని సీలింగ్ అంటారు. మైక్రానుకు రెండు మూడు నిమిషాల లెక్కన, 15 మైక్రాన్ల పొరకు అరగంట పైగా పడుతుంది. గ్యాసు ఖర్చు, కాలం ఖర్చు. కక్కుర్తి పడేవాళ్లు కోతపెట్టేది ఇక్కడే. కిటికీ చట్రాలు రెండేళ్లకే వెలిసిపోయి మచ్చలు పడితే, పొర పలచనైనా అయి ఉండాలి, సీలింగ్ సరిగా జరగకపోయినా ఉండాలి. ఇల్లు కట్టుకుంటున్న తల్లిదండ్రులకు నా మాట: చట్రాలు కొనేటప్పుడు ఎన్ని మైక్రాన్ల ఆనోడైజింగో అడగండి. బయట ఎండావానలకు నిలవాలంటే 15కు తక్కువ వద్దు. కనబడని మూల ఇంకు చుక్క వేసి ఐదు నిమిషాలాగి తుడవండి. మరక లోపలికి ఇంకిపోయి ఉండిపోతే సీలింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. వర్క్‌షాపుల్లో మొదట ఆమ్లపు చుక్క, తర్వాత రంగు చుక్క వేసి ఇదే పరీక్షను పద్ధతిగా చేస్తారు.

ఇంతవరకు స్వచ్ఛమైన అల్యూమినియం ఉన్నట్టు మాట్లాడాను. నిజానికి మనం వాడేవన్నీ మిశ్రమలోహాలే. కష్టమంతా అక్కడే మొదలవుతుంది. ఆనోడైజింగ్ పుట్టిందే మిశ్రమలోహం కోసం. విమానాలకు వాడే డ్యురాలుమిన్‌లో నూటికి నాలుగు పాళ్ల రాగి ఉంటుంది. ఆ రాగి వల్ల బలం వస్తుంది, ఆ రాగి వల్లనే ఉప్పునీటిలో తొందరగా తినేస్తుంది. సముద్రం మీద దిగే విమానాల కోసం 1923లో ఇంగ్లండులో బెంగో, స్టువర్ట్ అనేవారు క్రోమిక్ ఆమ్లంలో ఆనోడైజింగ్ పద్ధతి తెచ్చారు. గంధకామ్లం పద్ధతి 1927లో వచ్చింది.

మిశ్రమలోహంలో ఒక్కొక్క మూలకం ఒక్కొక్క రకంగా ప్రవర్తిస్తుంది. కిటికీలకు వాడే 6063 రకంలో మెగ్నీషియం, సిలికాన్ ఒక్కొక్కటి ఒక శాతానికి లోపే. అవి లోహంలో బాగా కలిసిపోయి ఉంటాయి కాబట్టి పొర అద్దంలా వస్తుంది. రాగి ఎక్కువున్న రకాల్లో రాగి ఆక్సైడు కింద పోగుపడి, అక్కడ ఆక్సిజన్ వాయువు పుట్టి, తిన్నని గొట్టాలకు బదులు వంకర టింకర చిల్లులు వస్తాయి. ఇంజన్ భాగాల వంటి పోత వస్తువుల్లో సిలికాన్ చాలా ఎక్కువగా ఉంటుంది. ఆ సిలికాన్ ముక్కలు పొరలో అలాగే చిక్కుకుపోయి బూడిదరంగు వస్తుంది. ఎంత రంగు వేసినా ఎర్రగా రాదు. ఒకే తొట్టె, ఒకే ఆమ్లం, ఒకే కరెంటు, వేసిన లోహం వేరు కాబట్టి ఫలితం వేరు. కాబట్టి ఆనోడైజింగ్ షాపులో మంచి పనివాడు మొదట అడిగే ప్రశ్న “ఇది ఏ గ్రేడు?” అనే.

పెద్ద సంస్థలు దీని మీద ఎంతో పరిశోధన చేశాయి. హైదరాబాదులోని ఏఆర్‌సీఐలో జి. సుందరరాజన్, ఎల్. రామకృష్ణ గార్లు మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్ అనే పద్ధతిలో మందమైన అల్యూమినా పొర ఎలా ఏర్పడుతుందో వివరిస్తూ 2003లో వ్యాసం ప్రచురించారు. ఆనోడైజింగ్‌కు ఇది అన్నగారి వంటిది. వందల వోల్టులు ఇస్తే లోహం ఒళ్లంతా చిన్న చిన్న మెరుపులు లేచి, ఆ వేడికి ఆక్సైడు కరిగి గట్టిపడుతుంది. బెంగళూరులోని ఇస్రో ఉపగ్రహ కేంద్రం వారు అల్యూమినియం, టైటానియం, మెగ్నీషియం మిశ్రమలోహాల మీద నల్లని ఆనోడైజింగ్ గురించి పరిశోధన వ్యాసాలు వెలువరించారు. గాలి లేని చోట వేడి పోవడానికి వికిరణమొక్కటే దారి కాబట్టి, ఉపగ్రహ భాగాల ఉపరితలం రంగు అక్కడ ప్రాణప్రదమైన విషయం.

మన జిల్లాలోనే నరసాపురలో విస్ట్రాన్ కంపెనీ 2020లో మొదలుపెట్టిన ఐఫోన్ కర్మాగారం 2023లో టాటా ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చింది. మన ఊళ్ల ఆడపిల్లలు అక్కడికి బస్సుల్లో వెళ్లి పనిచేస్తున్నారు. అక్కడ ప్రధానంగా జరిగేది ఫోన్ల కూర్పు. అల్యూమినియం చట్రం ఉన్న ఐఫోన్లకు ఆ నీలం, గులాబీ రంగులు పెయింటు వేసినవి కావు. మనం పైన చెప్పుకున్న గొట్టాల్లోకి దింపి, నోరు మూసిన రంగులు. చేతిలో రోజుకు ఎన్నో ఫోన్లు తిరిగే అమ్మాయికి ఆ సంగతి తెలిసి ఉండాలని నా కోరిక. కూర్పు పని నుంచి నాణ్యత పరీక్షకు, అక్కడినుంచి ప్రక్రియ విభాగానికి వెళ్లాలంటే ఈ తెలివిడే మెట్టు.

బంగారం ఊరివాళ్లం కాబట్టి ఇంకొక ముచ్చట. జపానులో హిడెకి మసూదా, కెంజీ ఫుకుదా 1995లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. చాలాసేపు ఆనోడైజింగ్ చేస్తే గొట్టాలు వాటంతటవే తిన్నగా వరుసలు కడతాయని చూపి, ఆ తేనెపట్టును అచ్చుగా వాడి ప్లాటినంలో, బంగారంలో అలాంటి తేనెపట్టునే తయారుచేశారు. మరుసటి ఏడాది మసూదా, సతో ఇద్దరూ రెండు విడతల పద్ధతి చెప్పారు. మొదటి విడత పొరను కరిగించేస్తే లోహం మీద వరుసగా గుంటలు మిగులుతాయి. రెండో విడత గొట్టాలు ఆ గుంటల్లోంచే తిన్నగా దిగుతాయి. వరినారు నాటేముందు గుర్తు తాడు పట్టినట్టు. ఆ పొరను జల్లెడలా వాడి వాళ్లు బంగారపు నానో చుక్కలు తయారుచేశారు. మన తాతలు మూడు కిలోమీటర్ల లోతుకు దిగి టన్ను రాతికి కొద్ది గ్రాముల చొప్పున తవ్విన బంగారాన్ని, ఒక్కొక్క చుక్కగా వరుసలో పేర్చడమన్నమాట.

అల్యూమినియం తర్వాత టైటానియం. దీని ఆక్సైడు మామూలు ఆమ్లాలకు లొంగదు, కాబట్టి గొట్టాలు రావు. 1999లో ఫ్రాన్సులో జ్విల్లింగ్ బృందం ద్రావణంలో కొద్దిగా ఫ్లోరైడ్ కలిపి, టైటానియం మీదా, 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉన్న దాని మిశ్రమలోహం మీదా నానో గొట్టాల పొర తెచ్చారు. ఎముకలకు వేసే ఇంప్లాంట్లకు ఈ మిశ్రమలోహం వాడతారు. ఎముక కణాలు నున్నటి లోహంకంటే గొట్టాల పొరను బాగా పట్టుకుంటాయా అనేది అప్పటినుంచి పెద్ద పరిశోధన. ఇక్కడా మిశ్రమలోహం చిక్కే. ఈ లోహంలో రెండు రకాల భాగాలు కలగలిసి ఉంటాయి. వెనేడియం ఎక్కువున్న భాగంలో దాని ఆక్సైడును ఫ్లోరైడు సులువుగా కరిగించేస్తుంది, అక్కడ గొట్టాలకు బదులు గుంటలు మిగులుతాయి. వెనేడియం బదులు నియోబియం వేసిన మిశ్రమలోహంలో పొర ఇంకా సమంగా వస్తుంది.

ఫ్లోరైడ్ అనే పేరు మన జిల్లాకు పరిచయం చేయనక్కరలేదు. బోరుబావుల నీళ్లలో అది హద్దు మీరి ఉన్న పల్లెలు మనకు చాలా ఉన్నాయి. పిల్లల పళ్ల మీద గారమచ్చలు చూసినవాళ్లమే. తమాషా ఏమిటంటే, ఆ ఫ్లోరైడును నీటినుంచి తీయడానికి వాడే యాక్టివేటెడ్ అల్యూమినా కూడా సూక్ష్మమైన చిల్లులతో నిండిన అల్యూమినియం ఆక్సైడే. దాన్ని వేరే పద్ధతిలో, కాల్చి తయారుచేస్తారు. నల్లగొండ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో వాడే పటికలోనూ ఉన్నది అల్యూమినియమే. ఫ్లోరైడుకూ అల్యూమినియానికీ ఉన్న ఆకర్షణ అటువంటిది.

అందుచేత ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆనోడైజింగ్ తొట్టెల్లో చివరికి మిగిలేది ఆమ్లం, కరిగిన అల్యూమినియం, రాగి, రంగులు, కొన్నిచోట్ల సీలింగ్‌కు వాడిన నికెల్, టైటానియం పని అయితే ఫ్లోరైడ్. వాటిని సున్నంతో చల్లార్చి, మడ్డిని వేరుచేసి, పద్ధతి ప్రకారం అప్పగించాలి. వర్షపు కాలువలోకి వదిలేస్తే అది చేరేది మనం తాగే బోరులోకే. గనులు మూతపడ్డాక కూడా సైనైడ్ గుట్టల దుమ్ము ఎండాకాలం గాలికి ఇళ్లలోకి వస్తుంటే తలుపులు వేసుకునేవాళ్లం మనం. లోహం పని వదిలిపోయే మడ్డి అంటే ఏమిటో ఇంకొకరు మనకు చెప్పనక్కరలేదు. ఈ వృత్తి నేర్చుకునే పిల్లలు తొట్టె ఎలా నింపాలో నేర్చుకున్నరోజే, దాన్ని ఎలా ఖాళీ చేయాలో కూడా నేర్చుకోవాలి. రెండోది తెలిసినవాళ్లు బాగా తక్కువ. ఉద్యోగం కోణంలో చూసినా అది తెలిసిన మనిషికి గిరాకీ ఉంటుంది.

ఎక్కడ చదవాలి అంటే, ఎస్సెస్సెల్సీ తర్వాత ఐటీఐలో ఎలక్ట్రోప్లేటర్ అనే ట్రేడు ఉంది. డిప్లొమా, ఇంజనీరింగులో మెటలర్జీ లేదా మెటీరియల్స్ అనే శాఖలు చూడండి. సూరత్కల్‌లో, వరంగల్‌లో ఉన్న ఎన్ఐటీల్లో ఆ శాఖ ఉంది. బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ దారిలో వచ్చి విద్యుత్ రసాయనశాస్త్రంలో పరిశోధన చేయాలనుకుంటే తమిళనాడు కారైకుడిలో 1948లో స్థాపించిన కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ ఉంది. ప్రవేశాల వివరాలు ఏటా మారుతుంటాయి, నేరుగా ఆ సంస్థలనే అడగాలి.

ప్రయోగం చేసి చూడాలని పిల్లలకు ఉబలాటంగా ఉంటుంది. గంధకామ్లంతో ఇంట్లో వద్దు. కాలేజీ ప్రయోగశాలలో, అధ్యాపకులు పక్కన ఉండగా, కళ్లద్దాలు, చేతికి తొడుగులు వేసుకొని, కిటికీలు తెరిచి చేయండి. ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. 12 వోల్టుల డీసీ సరఫరా, చిన్న అల్యూమినియం రేకు, బట్టలకు వేసే రంగు చాలు. రేకులో సగం మాత్రమే ముంచండి. రంగు ఎంతవరకు ఎక్కిందో చూస్తే గొట్టాలు ఎంతవరకు వచ్చాయో తెలుస్తుంది. ఫ్లోరైడ్ ప్రయోగాలు ఏ పరిస్థితిలోనూ కాలేజీ స్థాయిలో చేయకూడదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం గుండా ఎముక దాకా పోతుంది.

కింది లెక్కలు చేసి, సమాధానాలు ట్రస్టు కార్యాలయానికి పోస్టులో పంపండి. ఎలా చేశారో చూపించాలి, జవాబు ఒక్కటే రాస్తే చాలదు.

1. గంధకామ్లంలో 18 వోల్టుల దగ్గర చేస్తే పక్కపక్క గొట్టాల మధ్య దూరం సుమారు ఎంత?

2. ఒక కిటికీ చట్రం మొత్తం ఉపరితలం 4,000 చదరపు సెంటీమీటర్లు. పాఠంలో లెక్క చేసిన రేకుకు 100 చదరపు సెంటీమీటర్లకు 1.5 ఆంపియర్లు ఇచ్చాం. అదే చొప్పున దీనికి ఎన్ని ఆంపియర్లు కావాలి? 30 నిమిషాల్లో ఎన్ని గ్రాముల అల్యూమినియం ఆక్సైడుగా మారుతుంది?

3. ఒక చిన్న షాపులో తొట్టెలో 200 లీటర్ల ద్రావణం ఉంది. అందులో లీటరుకు 180 గ్రాముల గంధకామ్లం. తొట్టె ఖాళీ చేసేముందు ఆ ఆమ్లాన్నంతా చల్లార్చాలి. 98 గ్రాముల ఆమ్లానికి 74 గ్రాముల తడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడు, సరిపోతుంది. మొత్తం ఎన్ని కిలోల సున్నం కొనాలి? మీ ఊరి ధర కనుక్కొని ఖర్చు ఎంతో కూడా రాయండి.